భూమి మీద వేసిన నేరం

ఆ ఆదివారం మధ్యాహ్నం భూమి కదిలింది పట్టుమని పది క్షణాలు. సముద్రానికి అవతల, ఇరాన్‌లో వచ్చిన భూకంపం తాలూకు వణుకు దుబాయ్‌లో మా అల్ వర్సాన్ లేబర్ క్యాంపు దాకా వచ్చింది. బకెట్లో నీళ్లు ఊగాయి, మంచాలు కిర్రుమన్నాయి, అంతే. గోడకు వెంట్రుకంత బీట కూడా పడలేదు. అయినా నేను తమ్ముడని పిలుచుకునే పక్క మంచం కుర్రాడి మోకాలు పోయింది. ఎలా పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా బిల్డింగుకు రెండు మెట్లదారులు. ముందరివి రోజూ నడవడానికి, వెనకవి ఆపద వస్తే దిగడానికి. దుబాయ్‌లో ఉన్నవాడికి ఊరు పోవడానికి ఆరు నెలల ముందే కార్టన్, అంటే ఇంటికి పట్టుకెళ్లే సామాన్ల పెట్టె, నింపడం మొదలవుతుంది. ఈ నెల పాలపొడి, వచ్చే నెల దుప్పటి, ఆపైన సబ్బులు. గదికి ఎనిమిది మందిమి. అంత పెట్టె ఎక్కడ పెట్టాలి? వెనక మెట్ల మీద. పోనీ అంతటితో ఊరుకున్నామా? ఎవరి దుప్పటో పోయిందని గొడవ చేసి, క్యాంపు బాస్‌ను బతిమాలి ఆ వెనక మెట్ల తలుపుకు తాళం కూడా వేయించుకున్నాం. తాళంచెవి కింద వాచ్‌మన్ దగ్గర. తనిఖీ ఉందంటే బాస్ ముందురోజే చెప్పేవాడు. తాళం తీయించి, పెట్టెలన్నీ మంచాలెక్కించి, తనిఖీ వాళ్లు పోగానే మళ్లీ మెట్ల మీద పేర్చి తాళం వేయించేవాళ్లం. అంత బుద్ధిమంతులం.

భూమి కదలగానే ఎవరో "భాగో" అని అరిచారు. రెండు అంతస్తుల జనం ముందరి మెట్ల మీద పడ్డారు. తమ్ముడు వచ్చి నెల కూడా కాలేదు. సైటులో సేఫ్టీ క్లాసులో చెప్పింది నమ్మి వాడొక్కడే వెనక తలుపుకు ఉరికాడు. అది తెరుచుకోలేదు. తిరిగొచ్చి ఆ తోపులాటలో కింద పడ్డాడు. ఎంతమంది తొక్కారో వాడికే తెలియదు. వాడిది స్కఫోల్డింగ్ పని, పైపులతో పరంజా కట్టడం. మోకాలు వంగనివాణ్ణి పైపుల మీదికి ఎవడు ఎక్కిస్తాడు?

మూడో రోజు క్యాంపు బాస్ కాగితం పట్టుకొచ్చాడు. దెబ్బకు కారణం: భూకంపం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పంతా భూమిదేనట. సాక్షిని నేను.

"మెట్ల సంగతి రాస్తే పెట్టెలెవరివని అడుగుతరు. నీది గూడ ఉంది గదా. సైన్ చెయ్ భాయ్, ఖలాస్," అన్నాడు.

ఆయన మీద కోపం వచ్చింది, మా అందరి మీదా వచ్చింది. ఆ కోపంతోనే సంతకం పెట్టాను.

తమ్ముణ్ణి ఊరికి పంపేశారు. మొన్న ఫోన్ చేశాడు. ఇంకా కర్ర పట్టుకునే నడుస్తున్నాడట. పైగా వాడే నన్ను ఓదార్చాడు.

"ఎవలననాలె అన్నా? భూమే కదిలె. ఆ తలుపుకు తాళమున్నదని నీకు ఎర్కుంటే నాకు చెప్పకుండ ఉంటుంటివా?"

"చెప్తుంటి తమ్మీ," అన్నాను.