బాపు మాటలు తరిగిపోతుంటే

మా బాపుకు పక్షవాతమొచ్చి మాట పడిపోయి అప్పటికి ఏడాది దాటింది. కాలు జర కుదురుకుంది గని మాట మాత్రం రాలె. బతుకంత గొర్లు కాసినోడు. ఎండకాలమొస్తే మందను తోలుకొని హుజూర్‌నగర్ దిక్కు, కృష్ణ ఒడ్డుకు పోయేటోడు. మంద మీద తోడేలు పడ్డనాటి ముచ్చట, ఏరు దాటంగ గొర్రెపిల్ల కొట్టుకపోయిన ముచ్చట ఆయన చెప్తుంటే వినాలె. ఆయన బాగున్న రోజులల్ల నేను ఊరికి పోయినప్పుడల్లా ఫోన్ల రికార్డు చేసేటోన్ని. పెద్ద ఆలోచనేం లేదు, ఆయన చెప్పే తీరు నాకు ఇష్టం, గంతే. మాట పడిపోయినంక ఆయన గొంతు అండ్లనే మిగిలింది. నల్లగొండల మా కిరాయి ఇంట్ల, ల్యాప్‌టాప్‌కు తగిలించిన హార్డ్ డిస్క్‌ల అన్నీ భద్రంగ ఉన్నయనుకున్న.

ఒక ఆదివారం తోడేలు ముచ్చట విందామని చూస్తే అది లేదు. వేరే పేరు పెట్టిన్నేమోనని డిస్కంత వెతికిన. వారం తిరిగేసరికి ఇంకొన్ని లేవు. పెండ్లి ఫొటోలు, సర్టిఫికెట్లు ఉన్నకాడనే ఉన్నయి. బాపు గొంతున్న ఫోల్డరే తరిగిపోతాంది.

కేబుల్ మార్చిన. వైరస్ ఉందేమోనని చూసిన. ఫైళ్లు దాసుకొని ఉంటయంటే ఆ సెట్టింగు గూడ తెరిచిన. డిస్క్‌ను పరీక్ష చేస్తే ఏ లోపం లేదని వచ్చింది. రిపేరు దుకాణమాయన మాత్రం "డిస్క్ ఖరాబవుతాంది సార్, కొత్తది తీసుకోండి" అన్నడు. ఖరాబైతే ఫొటోలు గూడ పోవాలె గద అని మనసు ఒప్పుకోలె. ఆఖరికి మా ఇంటామెను అడిగిన.

"నువ్వేమన్న ముట్టుకున్నవా?"

"మామ గొంతును నేనెందుకు తీస్తా? గట్లెట్ల అడగబుద్ధయింది నీకు?" అన్నది. ఆ పూట నాతోని మళ్ల మాట్లాడలె.

మిగిలినవన్న దక్కించుకుందామని ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి, సెలవుదినం మధ్యాహ్నం కాపీ చేద్దామని కూసున్న. నేను చూస్తుండంగనే ఒక ఫైలు తెర మీదనే మాయమైంది. మౌస్ మీద నా చెయ్యి గూడ లేదు. ఇంకోటి గూడ పోయింది. భయంతోని ఇంటర్నెట్ వైరు గుంజేసిన. ఇగ పోలె.

అప్పుడు తట్టింది. ల్యాప్‌టాప్‌ల జాగ లేదని, ఫోన్ల ఉన్నయన్నీ నెట్ తోని సీదా డిస్క్‌లకే వచ్చేటట్టు ఎన్నడో పెట్టిన. గట్ల పెడితే ఫోన్ల తీసేస్తే డిస్క్‌ల గూడ పోతయి. నేను రికార్డు చేసిన ఆ పాత ఫోన్ ఇప్పుడు ఊర్లె మా అమ్మ చేతుల ఉంది.

ఫోన్ చేసిన. "అమ్మా, బాపు మాటలు తీసేస్తున్నవానే?"

"నువ్వు రా కొడుకా. ఫోన్ల చెప్పేది గాదు" అన్నది.

నార్కట్‌పల్లిల బస్సు మారి, పొద్దుగూకక ముందే ఊరు చేరిన. బాపు ముందరి అర్రల మంచంల పండుకొని ఉన్నడు. అమ్మ నన్ను ఎనుక గొర్లదొడ్డి కాడికి తీస్కపోయింది.

"సంబురపడతడని ఒకనాడు ఆయన మాటలే ఆయన పక్కన పెట్టి వినిపిచ్చిన" అన్నది. "ఆయన గొంతు ఆయన విని, దాని ఎంబడి మాట్లాడబోయిండు. రాలె. చెయ్యితోని మొఖం కొట్టుకున్నడు. ఆ దినమంత బువ్వ ముట్టలె."

"మరి వినిపియ్యకుంటే అయిపోతుండె గద. తీసుడెందుకు?"

"మళ్ల ఆయనే అడుగుతడు కొడుకా. ఫోన్ దిక్కు చెయ్యి చూపిస్తడు. పెట్టకుంటే కోపం, పెడితే ఏడుపు. అన్నీ ఒక్కపారి తీసేస్తే ఒప్పుకోడని ఒక్కటొక్కటి తీసిన. లేవని చూపియ్యాలంటే నిజంగ లేకుండ చెయ్యాలె గద. నా దగ్గర పోతే నీ దగ్గర ఉంటయనుకున్న."

కోపం రాలె నాకు. ఆమె చేతులల్లకెళ్లి ఫోన్ తీసుకొని, దానికీ నా డిస్క్‌కూ ఉన్న సంబంధం తెంపేసిన. ఈ మధ్య తీసినవి నెట్‌ల చెత్తబుట్టల ఇంక ఉంటే ఎనుకకు తెచ్చిన. మొదట పోయినవి అండ్ల లేవు. నల్లగొండ వచ్చినంక, పోయిన ఫైళ్లను తోడే సాఫ్ట్‌వేర్ పెట్టి డిస్క్ గాలిచ్చిన. కొన్నిటి పేర్లు దొరికినయి. తెరిస్తే ఉత్త గరగర సప్పుడే.

తర్వాత ఊరికి పోయినప్పుడు అమ్మ మెల్లగ అడిగింది, "దొరికినయా?"

"సగం దొరికినయి" అన్న. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకొని కూలబడ్డది. "తీసే ముందు నిన్నొక మాట అడగకపోతి" అన్నది. ఆ మాటే మళ్లమళ్ల అన్నది.

లోపలికి పోతే బాపు మేల్కొనే ఉన్నడు. నన్ను చూసి ఎడమ చెయ్యి లేపి నా అంగి జేబు దిక్కు చూపిచ్చిండు. మిగిలిన మాటలన్నీ ఆ జేబుల ఫోన్లనే ఉన్నయి. గడప కాడ నిలబడి అమ్మ వద్దని తలూపింది.

"లేవు బాపూ" అన్న.

ఆయన నా మొఖం దిక్కు చానసేపు చూసిండు. నమ్మిండో లేదో నాకు తెల్వదు. చెయ్యి దించి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.