జడ్‌ఎక్స్81 వేషం కట్టిన స్పెక్ట్రమ్

1996. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో నాకు రేడియో, టేప్‌రికార్డర్ రిపేరు కొట్టు ఉండేది. ఇంగ్లీషు అక్షరాలు నాకు ముప్పై ఏళ్లు దాటాక నేర్చుకున్నాను, ఐసీ చిప్పుల మీద రాత చదవకపోతే కొట్టు నడవదని. ఇప్పటికీ పైకి కూడబలుక్కుంటేగానీ చదవలేను.

ఒకరోజు విరుదునగర్ నుంచి జయ వచ్చింది. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్తుంది. సంచిలోంచి చచ్చిన జడ్‌ఎక్స్81 తీసింది. టీవీకి తగిలించే చిన్న కంప్యూటర్ అది. వాళ్లన్న రంగసామికి నరాల జబ్బుతో నోరు పడిపోయింది, ఒక్క వేలే కదులుతుంది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వరసగా వెలుగుతుంటే, కావలసినదాని దగ్గర ఆ వేలితో స్విచ్ నొక్కుతాడు. జబ్బు ముదరకముందు తానే రాసుకున్న ప్రోగ్రామ్. అదీ, అతను పోగేసుకున్న మాటలూ అన్నీ ఒక్క క్యాసెట్‌లో ఉన్నాయి. మెషిన్ పోయినప్పటి నుంచి మనిషి మూగగా పడి ఉన్నాడు.

"ఇట్లాంటిది ఇంకోటి మదురైలో కూడా లేదంటా ఉండారు మామా. మీరే ఏదో ఒకటి చేయాల."

"చచ్చినదాన్ని నేను లేపలేనమ్మా. బతికుండేదాన్ని ఏదైనా తే, దానికి దీని వేషం కడతాను."

కాలేజీ బీరువాలో మూలపడిన స్పెక్ట్రమ్ అనే ఇంకో కంప్యూటర్‌ను అడిగి తెచ్చింది. అదీ ఆ కాలపుదే, కానీ జాతి వేరు. రెండింటి ప్రాసెసరూ ఒకటే. బుద్ధి మాత్రం రామ్ అనే చిప్పులో కాదు, రోమ్ అనే చిప్పులో ఉంటుంది. స్పెక్ట్రమ్ రోమ్ పీకేసి సాకెట్ పెట్టాను. పాత మెషిన్ రోమ్‌లో తెర గీసే భాగాన్ని జయ మార్చి రాసి, మదురైలో ఈప్రామ్‌లోకి, అంటే మనం రాసుకోగలిగే చిప్పులోకి, ఎక్కించి తెచ్చింది. స్విచ్ వేస్తే తెర మీద పాత మెషిన్ గుర్తే వచ్చింది. క్యాసెట్ మాత్రం ఎక్కలేదు.

టేప్ హెడ్ నా చేతిలో పని, అందులో తప్పు లేదు. సర్క్యూట్ పటాలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. పాత మెషిన్ టేపు శబ్దాన్ని ఏడో తీగ మీద వింటుంది, స్పెక్ట్రమ్ ఆరో తీగ మీద. ఈప్రామ్ మళ్లీ రాయించాలంటే మళ్లీ మదురై పోవాలి. నా చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంది. ప్రాసెసర్ అడిగిన క్షణంలో మాత్రమే తలుపు తెరిచే బఫర్ ఐసీ ఒకటి వెనక తగిలించి, ఆ శబ్దాన్ని ఏడో తీగకు మళ్లించాను. క్యాసెట్ గురగురమంది. ప్రోగ్రామ్ ఎక్కింది!

విరుదునగర్‌లో వాళ్లింటికి పోయి రంగసామి మంచం ముందు పెట్టాం.

"ముందు నీ పేరు రాయన్నా, సరిగ్గా ఉండాదా చూస్తాం" అంది జయ.

ఆర్ రావాలి. ఏ వచ్చింది. మళ్లీ ఏ. తర్వాత కే. ఇంకా వస్తూనే ఉన్నాయి.

జయ మొహం పాలిపోయింది. "తప్పు తప్పుగా వస్తాది మామా. తీగలు కలిసిపోయినాయి. విప్పేయండి."

నేను స్క్రూడ్రైవర్ తీశాను. విప్పబోతూ, అలవాటు కొద్దీ, తెర మీదున్నది పైకి కూడబలికాను. "ఆ... క... లి... అమ్మా..."

వంటింట్లోంచి వాళ్లమ్మ అరిచింది: "ఉండరా! దోసెకల్లు కాగుతా ఉండాది, ఇదో పోస్తాను!"

జయ తెర మీదికి వంగి మళ్లీ మొదటి నుంచి చదివింది. ఆ ఇంట్లో మాట తెలుగు, రాత తమిళం. ఇన్నేళ్లూ రంగసామి ఆ ఇంగ్లీషు అక్షరాలతో తమిళమే రాసేవాడు, జయ చదివి తల్లికి తెలుగులో చెప్పేది. ఇన్ని రోజుల మౌనం తర్వాత పేరెందుకు రాస్తాడు? తల్లిని తల్లి మాటలోనే పిలిచాడు.

ముసలామె గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "నా బిడ్డ అడిగినాడా? వాడే అడిగినాడా?"

రంగసామి వేలు ఆగలేదు. మళ్లీ నేనే చదివాను: "మామా... స్క్రూడ్రైవర్... కింద పెట్టు."

ముగ్గురం పగలబడి నవ్వాం. అతని కళ్లూ నవ్వాయి.

అప్పటి నుంచి రిపేరైన వస్తువుకు నా పరీక్ష నేను పెట్టడం మానేశాను. సొంతదారు చేతికిచ్చి, "నీకేం కావాలో అది చెయ్యి" అని నోరు మూసుకుంటాను. అది పని చేసిందో లేదో చెప్పాల్సింది వాళ్లే.