గౌరహరి బాబు వదలని పదిహేను రోజులు

గౌరహరి బాబు దగ్గర కళ్ళజోడు కొనడం తేలికే, కొన్నాక గౌరహరి బాబుని వదిలించుకోవడమే కష్టం. ఆయన దుకాణం బెంగాల్లో శ్రీరాంపూర్ స్టేషన్ రోడ్డులో ఉంది. మామూలు అద్దాలు కొన్నవాళ్ళని నమస్కారం పెట్టి పంపేస్తాడు. దూరానికీ, మధ్యకీ, దగ్గరికీ ఒకే అద్దంలో చూపుండే ప్రోగ్రెసివ్ అద్దాలు మొదటిసారి పెట్టుకున్నవాళ్ళకి మాత్రం పదిహేను రోజులు పట్టిన గ్రహంలా తయారవుతాడు. ముందు వాళ్ళ పాత కళ్ళజోడు లాక్కుని బిస్కట్ల డబ్బాలో పెట్టి తాళం వేస్తాడు.

"అది చేతిలో ఉంటే కొత్తది పెట్టుకుంటారా మీరు? గడువు తీరాక రండి, ఇస్తా" అంటాడు.

ఆ తర్వాత వెంటపడతాడు. లెక్కల మాస్టారు త్రైలోక్య బాబు తన ఇంట్లో తన మెట్లు తను దిగుతుంటే, వీధిలోంచి కేక వినిపించేది. "గడ్డం గుండెకి ఆనించండి మాస్టారూ! అద్దం అడుగు భాగంలోంచి మెట్టుని చూశారంటే ఆసుపత్రిలో తేలతారు!" హెడ్మాస్టరమ్మ రిక్షాలో పోతుంటే వెనకాలే సైకిలు మీద తరిమాడు. "ముక్కు, దీదీ, ముక్కు! కళ్ళు కాదు, చూడాల్సిన వైపు ముక్కు తిప్పండి!" దీదీతో పాటు రిక్షా అతనూ ముక్కు తిప్పాడు. రిక్షా కాలవలో దిగింది.

నిత్యానంద సర్కార్ కూతురి పెళ్ళిలో అయితే మరీ ఘోరం. కొత్త అద్దాల సర్కారు బాబు అల్లుడి నెత్తిన దీవెనగా వేయాల్సిన గరికా వడ్లూ వియ్యంకుడి బట్టతల మీద వేశాడు. అతిథుల వరసలోంచి "ముక్కూ!" అని గావుకేక లేచింది. పురోహితుడితో సహా పందిరి పందిరంతా ముక్కులు అటు తిప్పింది.

అలాంటి మనిషి చేతికి చేపల బాతాసి చిక్కింది.

బాతాసి చేపల బజారులో అత్తగారి నాటి కత్తిపీట ముందు కూర్చుని పాతికేళ్ళు. చిన్న చేపలు బాగుచేయడంలో ఆమె పెట్టింది పేరు. రెండు వేళ్ళతో నొక్కిందంటే వేలెడు లేని చేపలోంచి కూడా చేదుతిత్తి పగలకుండా బయటికి వచ్చేది. నలభై ఎనిమిదో ఏట కళ్ళు మొరాయించాయి. పేవ్‌మెంటు మీద కొన్న కళ్ళజోడు పెట్టుకుంటే చేప కనిపించేది, ఎదుటి మనిషి పొగలా ఉండేవాడు. తీసేస్తే మనిషి కనిపించేవాడు, చేప పొగ అయ్యేది. పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం. చేతులకున్న పొలుసులన్నీ అద్దాలకి అంటుకునేవి.

ఆ నెలలోనే రాయ్‌బాబుల ఇంటి చేపల్లో రెండుసార్లు తిత్తి పగిలింది. వంటమనిషి ఖ్యాంతమణి బజారు మధ్యలో నిలబెట్టి కడిగేసింది.

"చేపల పులుసా అది? వేపాకు కషాయమా? ఈ ఆదివారం కాక, ఆపై ఆదివారం బాబుగారి మనవడికి అన్నప్రాశన. రెండు కిలోల మౌరలా చిన్న చేపలు కావాలి. ఈసారీ చేదయిందో, ఇక హారాధన్ దగ్గరే కొంటాం."

పక్క పీట హారాధన్ అప్పుడే మీసం దువ్వుకున్నాడు. రాయ్‌బాబుల ఇల్లు పోతే ఆ వీధి వీధంతా పోతుంది. వీధి పోతే పీట ఎత్తేయాల్సిందే. ఆ మధ్యాహ్నమే బాతాసి వెళ్ళి గౌరహరి బాబు ముందు కూర్చుంది. మూడో రోజుకి ముక్కు మీద కొత్త అద్దాలు వచ్చాయి, పాతవి డబ్బాలో పడ్డాయి.

మర్నాడు బజారులో నేల పడవలా ఊగింది. చచ్చిన బొచ్చె చేప కదిలినట్టనిపించి కెవ్వున అరిచింది. ఓరగా చూస్తే హారాధన్ వంకర్లు తిరిగి కనిపించాడు. అది మాత్రం అద్దాల తప్పు కాదనుకుంది. కత్తి మొన ఎక్కడో, తన వేలు ఎక్కడో తెలియక చెమటలు పట్టేశాయి.

"ఏం బాతాసీ, చేపని కోస్తావా, చెయ్యి కోసుకుంటావా?" అన్నాడు హారాధన్.

సరిగ్గా అప్పుడే గౌరహరి బాబు దిగాడు. మెడకి మఫ్లరు, దాని కొస ముక్కు మీద. మొహం గోడవైపు.

"ఓ శీలావతి ఇవ్వు. నాలుగు ముక్కలు చెయ్యి."

"మూడు కిలోల చేపని నాలుగు ముక్కలా? ఇంట్లో ఏనుగులున్నాయా బాబూ?"

"నా ఇష్టం. గడ్డం దించితే కత్తి, కళ్ళు దించితే తిత్తి. గడ్డం దించు!"

తిట్టుకుంటూ గడ్డం దించింది. కత్తి ఉన్నచోటే కనిపించింది. నాలుగు ముక్కలయ్యాయి.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి కిలోన్నర చేప, పన్నెండు ముక్కలు. మూడో రోజు తల రెండుగా చీల్చమన్నాడు. ఐదో రోజు అరచేయంత పార్షే చేపలు. ఏ రోజూ మొప్ప ఎత్తి చూడలేదు, పొట్ట నొక్కలేదు, ధర బేరమాడలేదు. చేపని ఎంచడం రాని మగాణ్ణి బాతాసి జన్మలో చూడలేదు.

"ఈయన్ని కన్నతల్లి ఏం పెట్టి పెంచిందో" అని హారాధన్‌తోనే వాపోయింది.

"రోజురోజుకీ చిన్న చేపకి దిగుతున్నాడు. పిసినారి" అన్నాడు హారాధన్.

ఏడో రోజు బాతాసి ఓపిక పోయింది. దుకాణానికి వెళ్ళి బల్ల మీద గుద్దింది. "నా పాతవి నాకివ్వండి. నాలుగు రోజుల్లో అన్నప్రాశన. నా పీట పోతే మీరు పెడతారా నాకు తిండి?"

"గడువు తీరలేదు."

"మీకు కళ్ళు అమ్మడమే తెలుసు, కడుపు తెలియదు!"

ఆయన డబ్బాని ఒళ్ళోకి లాక్కుని లాల్చీతో కప్పుకున్నాడు.

శనివారం నాడు అరకిలో మౌరలా అడిగాడు. బాతాసికి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఒక్కొక్కటీ తీసి నొక్కి పారేసింది. తిత్తులన్నీ గోరంత పచ్చటి పూసల్లా ఆకు మీద వరసగా పడ్డాయి. ఒక్కటీ పగల్లేదు. ఆయన డబ్బిచ్చి గోడని చూస్తూ వెళ్ళిపోయాడు.

ఆదివారం తెల్లవారి రెండు కిలోలూ బాగుచేసి పంపింది. పదిన్నరకి ఖ్యాంతమణి స్వయంగా వచ్చి, వచ్చే వారానికి ఇంకో కిలో చెప్పి వెళ్ళింది. హారాధన్ మీసం వదిలేశాడు. బాతాసి చెంగుతో కళ్ళు ఒత్తుకుంది, అదీ అద్దాలు తీయకుండానే.

అంతలో త్రైలోక్య మాస్టారు కర్ర తాటించుకుంటూ వచ్చాడు. "గౌరహరి ఇవాళ రాలేదేం? నా చేప ఏది?"

"మీ చేపేమిటి మాస్టారూ?"

"కొత్త అద్దాలొచ్చాక గొంతులో ముల్లు గుచ్చుకుని నేను చేప మానేశాను. రోజూ నీ దగ్గర కొన్నవి తెచ్చి మా ఇంట్లో వండించి, తను పెరటి గుమ్మం దగ్గర ముక్కు మూసుకుని నిలబడి, 'కళ్ళు దించండి, ముల్లు చూడండి' అని ప్రాణం తీశాడు."

"ఆయన తినరా?"

"వాడా! గోసాయిల ఇల్లే వాళ్ళది, నిష్ఠగల వైష్ణవులు. ఉల్లిపాయ కూడా గడప దాటదు. సంచి చేపల కంపు కొడుతోందని పది రోజులుగా భార్య వాణ్ణి వాకిట్లో కూర్చోబెట్టి ఆకులో అన్నం పెడుతోంది. దొంగతనంగా తింటున్నాడనుకుంటోంది."

"మరి నాకొక్క ముక్క చెప్పలేదేం?"

"నేనూ అదే అడిగాను. 'నేర్పుతున్నానని తెలిస్తే దాని చెయ్యి వణుకుతుంది మాస్టారూ, నాలాంటి వెధవ మీద కోపంతో కోస్తే వణకదు' అన్నాడు."

బాతాసికి పది రోజులుగా తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. లేచి గంగలో తలస్నానం చేసింది. ఉతికిన చీర కట్టుకుంది. చేప సోకని కొత్త కత్తిపీట ఒకటీ, పెద్ద అరటిపువ్వు ఒకటీ కొని గోసాయిల ఇంటికి వెళ్ళింది.

వాకిట్లో ఆకు ముందు గౌరహరి బాబు దోషిలా కూర్చుని ఉన్నాడు. గుమ్మంలో ఆయన భార్య విమలప్రభ గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మగారూ, నేను చేపల బాతాసిని" అంది.

"నువ్వేనా తల్లీ! ఈయన ఏ చేప తింటున్నాడో కాస్త చెప్పు."

"చేప తినే మొహమా అమ్మా అది? పాతికేళ్ళుగా అమ్ముతున్నాను, గోడని చూస్తూ చేప కొన్నవాణ్ణి ఈయన్నొక్కణ్ణే చూశాను. నా చేతికి చూపు రావాలని కొన్నారు." అంటూ అక్కడే కూర్చుని అరటిపువ్వు విప్పింది. పువ్వు పువ్వులోంచి గట్టి కాడ ఏరి పారేస్తూ, కత్తి మీద సన్నగా తరగసాగింది.

విమలప్రభ ఆ వేళ్ళనే చాలాసేపు చూసింది. తరువాత భర్త ముందున్న ఆకు తీసేసింది.

"ఏమిటలా కూర్చున్నారు? వెళ్ళి ఇంకోసారి స్నానం చేసి రండి. లోపల వడ్డిస్తాను."