జవాబు పాడేవాళ్లు

పెళ్లి బంతిలో వియ్యపురాళ్లు భోజనానికి కూర్చున్నప్పుడు వాళ్లను ఎగతాళి చేసే పాటలు మా ఇంట్లో నేనే కట్టేదాన్ని. మొత్తం ముప్పై ఎనిమిది పెళ్లిళ్లు. పాడిన పాట మళ్లీ పాడలేదు. ఎవరి పెళ్లి, ఏ తేదీ, ఎన్ని చరణాలు, ఏ చరణానికి ఎక్కువ నవ్వారు, అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. చివరిది మా మనుమడి పెళ్లి. ఆ పేజీలో పన్నెండు చరణాలున్నాయి. పన్నెండోది కొట్టేసి ఉంటుంది.

అది మనుమడి అత్త, అంటే పెళ్లికూతురి తల్లి మీద కట్టింది. వాళ్లది బెల్లంపల్లి. ఆమె భర్త గల్ఫ్‌లో ఉండి, సొంత బిడ్డ పెళ్లికే రాలేదు. సెలవు దొరకలేదేమో అనుకున్నాను.

"నీ మొగడేడే వియ్యపురాలా, ఒంటె మీద వస్తుండా? వచ్చెవరకు నీ మనుమనికి మీసాలొస్తయా?"

బంతంతా నవ్వింది. ఆమె మాత్రం కలిపిన ముద్దను విస్తరిలోనే వదిలేసింది. అక్కడ కంపెనీ మూతపడి, జీతం లేక, తిరిగొచ్చే దారి లేక ఆయన నాలుగు నెలలుగా క్యాంపులోనే ఉన్నాడని మూడో రోజు తెలిసింది. ఇంకో ఎనిమిది నెలలకు ఆయన ఇల్లు చేరాడు. నాకు మాత్రం పాట తిరిగి రాలేదు. రెండేళ్ల మూడు నెలలు. ఆ మధ్య వచ్చిన పెళ్లిళ్లలో గొంతు బాగాలేదని తప్పించుకున్నాను.

ఈ ఏడు మనుమరాలికి మెట్‌పల్లి సంబంధం కుదిరింది. "అన్న పెండ్లికి పన్నెండు కడితివి నాయినమ్మా, నా పెండ్లికేమో గొంతు నొస్తదా?" అని అడిగింది.

అప్పటికి ఇరవై రెండు రోజులున్నాయి. రోజూ ఛాయ్ తాగి కూర్చునేదాన్ని. వియ్యపురాలి నగల మీద ఒక మాట రాసి, అవి అడిగి తెచ్చుకున్నవేమోనని కొట్టేసేదాన్ని. లావు మీద రాసి, జబ్బేమోనని కొట్టేసేదాన్ని. పదకొండు రోజుల్లో పంతొమ్మిది పంక్తులు రాశాను. పంతొమ్మిదీ కొట్టేశాను. అది చూసి మనుమరాలు, "ఫికర్ జెయ్యకు నాయినమ్మా, డీజే పెడ్తరు తియ్," అంది. నన్ను ఓదార్చడానికే అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పన్నెండో రోజు బెల్లంపల్లికి, మనుమడి అత్తకు ఫోన్ చేశాను.

"గా పాట తప్పు పాడిన బిడ్డా. ఇన్నొద్దులు చెప్పలేకపోయిన."

"పాటన్నంక అంటరు అత్తమ్మా. నా దిక్కు జవాబు పాడెటోళ్లు ఒక్కలు లేకపాయె, గదే కష్టమైంది. ఎన్కనన్న పలకరిస్తవనుకుంటే మొఖమే జూపియ్యకపోతివి."

ముప్పై ఎనిమిది పెళ్లిళ్లలో అవతలివాళ్లు ఎన్ని జవాబులు పాడారో నేనెక్కడా రాసుకోలేదు.

"ఇప్పుడు పాడు మరి. నన్ను అను," అన్నాను.

ఆమె నవ్వింది. "నిన్ను అననీకి ఏం తక్కువున్నయి అత్తమ్మా? అప్పడాలు లెక్కవెట్టి, పులుసు కొల్చి పెండ్లోళ్లకు వడ్డిస్తివి!"

నిజమే, వడ్డించాను. నవ్వు ఆగకముందే నా నోటికి జవాబు వచ్చింది, అదీ రాబోయే వియ్యాలవారి మీదికి. "ముసలమ్మ లెక్కవెట్టకుంటె సాలెనా? మెట్‌పల్లోళ్లు తినవడితె అంకెలన్న సాలునా?" పేపరు అంచు మీద రాసుకున్నాను. దాన్ని కొట్టేయాలనిపించలేదు.

మరునాటి నుంచి పొద్దున మొదట రెండు పంక్తులు నా మీద నేనే రాసుకున్నాను. నా చాదస్తం మీద, తాళం వేసిన నా చక్కెర డబ్బా మీద. అవి బాగుండాలని పట్టు పట్టలేదు. మూడోది అవతలివాళ్ల మీద దానంతట అదే వచ్చేది. పెళ్లినాటికి పద్నాలుగు చరణాలైతే, తొమ్మిది పాడదగ్గవి.

పెళ్లిరోజు బంతి సాగుతోంది. మనుమడి అత్త మా వైపు నుంచి లేచి వెళ్లి మెట్‌పల్లి వియ్యపురాలి పక్కన కూర్చుంది.

"గీళ్లకు పాడెటోళ్లు లేరంట. నేను గీ దిక్కు," అంది.

నా మొదటి చరణం అయిందో లేదో ఆమె అందుకుంది. "కండ్లద్దాలు నెత్తి మీద, ఎతుకుడేమొ ఇల్లంత! గసొంటి ముసలమ్మ మన తప్పులెట్ల జూస్తదే?"

వియ్యపురాలు నోట్లో ముద్దతోనే నవ్వింది. "ఇంకోటి అను అక్కా, ఇడ్వకు!" అని ఆమెను ఉసిగొల్పింది. అందరూ నా వైపు చూశారు. నేను రాసుకొచ్చిన తొమ్మిదింటిలో దీనికి జవాబు లేదు. రెండో పంక్తి ఏమవుతుందో తెలియకుండానే మొదటిది ఎత్తుకున్నాను.