రాని మనిషే అధ్యక్షురాలు

మా సంఘంలో అధ్యక్షురాలు కావడానికి ఒకటే అర్హత. ఎన్నిక రోజు మీటింగుకు రాకపోవడం.

ఇది ఎక్కడా రాసిపెట్టలేదు గానీ దీన్ని మించిన రూలు మాకు ఇంకోటి లేదు. హైటెక్ సిటీ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్లం కలిసి, సమాన హక్కుల కోసమని పెట్టుకున్న సంఘం మాది. జీతం లేని కొలువు. అధ్యక్షురాలంటే పోలీసు పర్మిషన్ దగ్గర్నుంచి ప్లాస్టిక్ కుర్చీల దాకా అన్నీ నెత్తిన పడే మనిషి. అందుకని ఏడాదికోసారి ఎన్నిక పెట్టుకున్నప్పుడు, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూస్తూ "నువ్వు చెయ్యి" అనడానికి ఎవరికీ నోరు రాదు. రాని మనిషి ముఖం కనపడదు కాబట్టి ఆమెకి కట్టబెట్టేస్తాం. ఏకగ్రీవంగా, చప్పట్లతో సహా.

నేనూ అలాగే అయ్యాను. ఎన్నిక పెట్టిన శనివారమే మియాపూర్‌లో మా చెల్లెలి గృహప్రవేశం. పాలు పొంగే వేళకి నా ఫోను టింగుటింగుమని మోగడం మొదలైంది. చూస్తే అన్నీ అభినందనలు. పొయ్యి మీద పాలు పొంగాయి, నాకు కోపం పొంగింది. సంఘం వాట్సాప్ గ్రూపులోంచే వెళ్లిపోదామనుకున్నాను. కానీ అంతకుముందు ఏడాది కాన్పుకని పుట్టింటికి వెళ్లినామెను అధ్యక్షురాల్ని చేసినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఏ మొహం పెట్టుకుని పోట్లాడతాను? నోరు మూసుకుని పదవి తీసుకున్నాను.

నాకు తోడు మా కార్యదర్శి ఉంది. భీమవరం మనిషి, నాకంటే పెద్దది, ఎదుటివాణ్ణి తిట్టాలన్నా చివర "అండి" తగిలించి తిట్టే రకం. ఏళ్ల తరబడి ఆమే కార్యదర్శి, ఎందుకంటే మీటింగులన్నీ ఆమె ఇంట్లోనే జరుగుతాయి. సొంత ఇంట్లో గైర్హాజరు కావడం ఆమెకి కుదరదు, కాబట్టి అధ్యక్ష పదవి గండం ఆమెకి లేదు.

ఇక మా ఆఫీసు కాంప్లెక్సు గేటు దగ్గర, ఆడవాళ్ల బ్యాగులు తనిఖీ చేసే సెక్యూరిటీ ఆవిడ ఒకామె ఉండేది. నారాయణపేట వైపు నుంచి వచ్చి చందానగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటుంది. పొద్దున ఏడింటికి గేటెక్కితే సాయంత్రం ఏడింటికి దిగుతుంది. బ్యాగు జిప్పు తీయకముందే డబ్బాలో కూరేంటో వాసన పట్టేస్తుంది. "ఇయ్యాల గూడ బెండకాయేనా మేడం" అని నన్ను రోజూ దెప్పేది. వంట నేను చేయనని, మా ఆయన చేస్తాడని, ఆయనకి బెండకాయ తప్ప వేరే రాదని చెప్పాక జాలిపడి ఊరుకుంది.

ఆమె బల్ల మీద ఒక నీళ్ల సీసా ఉండేది. పొద్దున నేను లోపలికి వెళ్లేటప్పుడు నిండుగా ఉండేది, సాయంత్రం బయటికి వచ్చేటప్పుడూ అంతే నిండుగా ఉండేది. ఒక ఎండాకాలం రోజున ఉండబట్టలేక, ఎందుకక్కా తాగవు, అలంకారానికి పెట్టుకున్నావా అని అడిగాను.

"తాగితె పోవాలె గద మేడం," అంది. "ఏడికి పోవాలె?"

మా లాబీలో అద్దంలా మెరిసే బాత్రూములున్నాయి. కానీ తలుపు తెరుచుకోవాలంటే కార్డు గీకాలి. మా కంపెనీ కార్డులకి తెరుచుకుంటుంది. గేటు దగ్గర వాళ్లు ఏజెన్సీ మనుషులు, వాళ్ల మెడలో ఉండేది ఉత్త ఫొటో అట్ట. బాత్రూములు కడిగే వాళ్లకైనా కడిగేటప్పుడు సందు దొరుకుతుంది, గేటు వాళ్లకి అదీ లేదు. రోడ్డు దాటి పెట్రోల్ బంకుకి వెళ్లి రావాల్సిందే. ఆ రోడ్డు దాటడమంటే మాటలు కాదు. కార్లు ఆగవు, బైకులు అసలే ఆగవు. రెండుసార్లు నా కార్డిచ్చి పంపాను. కెమెరాలో చూశారు. నాకు మర్యాదగా ఒక మెయిలు వచ్చింది, ఆమెకి అమర్యాదగా చీవాట్లు పడ్డాయి.

తర్వాత ఒకరోజు ఆమె బంకుకి వెళ్లినప్పుడే ఎవరో పెద్ద ఆఫీసరమ్మ వచ్చి, బ్యాగు చూసే మనిషి లేదేమిటని అడిగిందట. ఇంకోసారి గేటు వదిలితే ఇంటికే పొమ్మని సూపర్‌వైజరు చెప్పేశాడు. ఆమె సంపాదన మీదే ఇల్లు నడుస్తోంది. నీళ్లు మానేస్తే జబ్బు చేస్తుందని డాక్టరు అప్పటికే చెప్పాడు, నీళ్లు తాగితే ఉద్యోగం ఊడుతుంది. ఆ వారమే నన్నడిగింది, మీ సంఘంలో నన్ను గూడ కలుపుకుంటరా అని. వెంటనే గ్రూపులో చేర్చాను. శనివారం మీటింగులకి ఆమె ఎప్పుడూ రాలేదు, డ్యూటీ కదా. మేం ఏం పోస్టు పెట్టినా ఒక బొటనవేలు మాత్రం తప్పకుండా పెట్టేది.

నేనూ కార్యదర్శీ ఇంకొకావిడా కలిసి కాంప్లెక్సు మేనేజరు దగ్గరికి వెళ్లాం. మనిషి బహు మర్యాదస్తుడు. గ్రీన్ టీ తెప్పించాడు. మా మాటలన్నీ తలాడిస్తూ విన్నాడు. పాలసీ ఒప్పుకోదు మేడం అన్నాడు. మాది పెద్ద సంఘమని కార్యదర్శి కాస్త గొంతు పెంచింది. ఆయన మా వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని తలుపు వైపు చూసి, "ముగ్గురే వచ్చారు?" అని నవ్వాడు. ఎంతమంది అడుగుతున్నారో తెలిస్తే పైవాళ్లతో మాట్లాడతానని, వచ్చే శుక్రవారం అందరినీ తీసుకుని లాబీకి రమ్మని చెప్పాడు. ఎవరూ రారని ఆయనకి తెలుసు. ఆ నవ్వు చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

గ్రూపులో పెట్టాను. బిగించిన పిడికిళ్లు వచ్చాయి, గుండెలు వచ్చాయి, "నీ వెనకే ఉన్నాం" అని రాసినవాళ్లు ఉన్నారు. శుక్రవారం ఎవరెవరు వస్తున్నారని అడిగేసరికి గ్రూపు శ్మశానమైపోయింది. కాసేపటికి ఒక్కొక్కరే లేచారు. ఒకరికి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు, ఒకరికి పిల్లల పరీక్షలు, ఒకామెకి కార్పెంటరు వస్తున్నాడు. పిల్లి మెడలో గంట కట్టాలని అందరం తీర్మానం చేశాం, గంట పట్టుకుని నేనొక్కదాన్నే మిగిలాను.

ఆ రాత్రి గోపన్‌పల్లిలో మా బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే బుర్రలో ఒక దుర్బుద్ధి పుట్టింది. కార్యదర్శికి ఫోన్ చేసి చెప్పాను. "మీది పాడు బుర్రండి," అంది ఎంతో ఇష్టంగా.

పొద్దున్నే ప్రకటన పెట్టాం. అధ్యక్షురాలి పని ఒత్తిడి వల్ల ఈసారి ఎన్నిక ముందే జరుగుతుంది. శుక్రవారం, భోజనాల వేళ, ఫలానా కాంప్లెక్సు లాబీలో. ఎన్నిక మన ఆనవాయితీ ప్రకారమే ఉంటుంది. ఈ ఆఖరి వాక్యం నేనే రాశాను, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

శుక్రవారం చూడాలి. ఆటోల్లో వచ్చారు, క్యాబుల్లో వచ్చారు, మెట్రో దిగి చెమటలు కక్కుకుంటూ నడిచొచ్చారు. గ్రూపులో పేరు తప్ప ముఖం తెలియని వాళ్లు కూడా వచ్చి, "నేను వచ్చానండీ, గుర్తుపెట్టుకోండి" అని నా కళ్లముందు చేతులూపారు. కార్పెంటరు కథ చెప్పినామె అందరికంటే ముందే వచ్చింది. ఒకామె పక్కింటామెను సాక్ష్యానికి వెంటబెట్టుకొచ్చింది. ప్రతి ఒక్కరూ గేటు దగ్గర మా సెక్యూరిటీ ఆవిడకి బ్యాగు తెరిచి చూపించి లోపలికి వచ్చారు. లాబీ నిండిపోయింది. రిసెప్షన్ పిల్ల లేచి నిలబడింది.

మేనేజరు లిఫ్టులోంచి బయటికి వచ్చి ఆగిపోయాడు. ఇంతమంది ఆడవాళ్లు పదవి తప్పించుకోవడానికి వచ్చారని పాపం ఆయనకెలా తెలుస్తుంది? అందరి ముఖాల్లోనూ పట్టుదల కనిపిస్తోంది. అది దేనికోసం పట్టుదలో మాకు తెలుసు. ఆయన పక్కకి వెళ్లి ఫోన్లో మాట్లాడాడు. మళ్లీ మాట్లాడాడు. కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ వచ్చి, సరే మేడం అన్నాడు. గేటు దగ్గర పనిచేసే ఆడవాళ్లందరి కోసం ఒక కార్డు ఇస్తామన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని ఒక షరతు పెట్టాడు.

"కానీ దుర్వినియోగం కాకూడదు కదా మేడం. కార్డు మీ సంఘం అధ్యక్షురాలి దగ్గరే ఉంటుంది. ఎవరికి కావాలన్నా ఆమెనే అడిగి తీసుకోవాలి."

తెలివైనవాడు. నేను తొమ్మిదో అంతస్తులో కూర్చుంటానని ఆయనకి తెలుసు, వారంలో సగం రోజులు ఇంటి నుంచే పనిచేస్తానని కూడా తెలుసు. గేటు వదిలితే ఉద్యోగం పోయే మనిషి, తొమ్మిదో అంతస్తుకి వచ్చి నన్ను వెతుక్కోవాలి. ఇచ్చినట్టే ఇచ్చి గుప్పిట మూసేశాడు. నేను నోరు తెరిచే లోపల కార్యదర్శి అందరికీ వినపడేలా, "మాట మీద నిలబడతారు కదండీ?" అంది. నిలబడతానన్నాడు. ఆమె నా చెయ్యి గిల్లింది. ఎందుకు గిల్లిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇటు మా జనానికి ఆకలి వేస్తోంది, ఎన్నిక ఎప్పుడని గోల. కార్యదర్శి ఫోన్లో పేర్లు చూస్తూ పిలవసాగింది. ఉన్నా, ఉన్నా, ఉన్నానండీ. మా సంఘం చరిత్రలో ఇంత హాజరు ఎన్నడూ లేదు. చివరికి ఒక్క పేరు మిగిలింది. పిలిస్తే పలకలేదు. అద్దం తలుపు అవతల, పిలిస్తే దాదాపు వినపడేంత దూరంలో, ఆ పేరుగల మనిషి వంగి ఎవరి బ్యాగో చూస్తోంది. డ్యూటీలో ఉంది, రాలేదు. కార్యదర్శి ప్రతిపాదన పూర్తి చేయకముందే లాబీలో ఉన్న చేతులన్నీ గాల్లోకి లేచాయి. గండం గడిచిందన్న సంతోషంతో లేచిన చేతులు అవి. దించేటప్పుడు ఒక్కొక్కరికీ వెలిగింది, ఏం చేశామో. కాగల కార్యం గంధర్వులు తీర్చారు.

ఇదంతా నా పథకమేనని తర్వాత చాలామంది అన్నారు. నేను కాదనలేదు.

బయటికి వెళ్లి ఆమెకి చెప్పింది నేనే. పూర్తిగా విని, బ్యాగు జిప్పు వేసి ఎవరిదో వాళ్లకిచ్చి, నా వైపు తిరిగింది.

"నన్ను అడగకుండనే చేసిండ్రా?"

మా అందరినీ అలాగే చేస్తారక్కా అన్నాను. సమాన హక్కుల సంఘానికి ఇది చెప్పుకోదగ్గ విషయం కాదని ఆ క్షణంలోనే మొదటిసారి తోచింది.

"ఫికర్ లేదు," అంది. "నా పెండ్లి గూడ గట్లనే చేసిండ్రు. ఇదన్న నాకు పనికొస్తది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు, నవ్వాను. ఆమె కూడా నవ్వింది. మేనేజరు కార్డు పట్టుకుని నా కోసం చూస్తున్నాడు. నేను అధ్యక్షురాల్ని కాదు సార్, ఆమె అని చూపించాను. ఆవిడ గార్డు కదా అన్నాడు. కార్యదర్శి వెనకనుంచి, "అందరి ముందూ మాటిచ్చారండి," అంది. ఆయన కార్డును ఒకసారి, నలభై మందికి పైగా ఉన్న మా గుంపును ఒకసారి చూసి, గేటు దాకా నడిచి వెళ్లి ఆమె చేతికిచ్చాడు.

ఆమె దాన్ని ఫొటో అట్ట పక్కన మెడలో వేసుకుంది. మగవాళ్ల వైపు నిలబడ్డ గార్డుతో రెండు నిమిషాలల్ల వస్త, జర గేటు చూడన్నా అని చెప్పి లాబీలోకి వచ్చింది. మేం దారిచ్చాం. కార్డు గీకింది, పచ్చలైటు వెలిగింది, లోపలికి వెళ్లింది. అంతమందిమి బాత్రూము తలుపు ముందు నిలబడ్డాం. బయటికి రాగానే ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

"ఏంది గిది, గీనికి గూడ చప్పట్లా?" అని కసిరి, గేటు దగ్గరికి వెళ్లి, సీసా మూత తీసి, ఆగకుండా సగం దాకా తాగేసింది. నేను లంచ్ మానేసి పైకి వెళ్లిపోయాను.

అధ్యక్షురాలిగా ఆమె మొదట మీటింగు రోజు మార్చింది. శనివారం పోయి, ఆమెకి సెలవుండే మంగళవారం సాయంత్రం వచ్చింది. మాకు కుదరదన్నాం. ఇన్నిదినాలు నాకు కుదరలే గద, నేనేమన్న అన్ననా అంది. అప్పట్నుంచి కుదురుతోంది. ఆలస్యంగా వచ్చినవాళ్లని కార్యదర్శి ఇంటి గుమ్మం దగ్గరే ఆపి, ఎందుకు ఆలస్యమైందో చెప్పాకే లోపలికి పంపుతుంది. అలవాటైన పని.

ఏడాది తిరిగింది, మళ్లీ ఎన్నిక వచ్చింది. ఈసారి కూడా అందరం పరుగెత్తుకుంటూ వచ్చాం. పేర్లు పిలిస్తే ఆమె ఒక్కతే లేదు. సెలవు రోజే, ఒంట్లో బాగానే ఉంది, పొద్దున గ్రూపులో బొటనవేలు కూడా పెట్టింది. ఫోన్ చేస్తే వెనకాల గ్లాసుల చప్పుడు వినిపించింది. కార్యదర్శి ఇంటి కిటికీలోంచి చూశాను. రోడ్డవతల టీ కొట్టు బెంచీ మీద, పట్టుచీర కట్టుకుని, మెడలో కార్డుతో కూర్చుని ఉంది. పక్కన నీళ్ల సీసా, అడుగున కాసిని నీళ్లు.

మా సంఘంలో పదవి కావాలని మీటింగుకు రాని మొదటి మనిషి ఆమే. రెండడుగులు వేస్తే ఇక్కడుంటావు కదక్కా, రావా అని అడిగాను.

"రాలె అని రాసుకోండ్రి మేడం," అంది. "వస్తె కార్డు వేరేటోళ్లకు పోతది."