పోచంపాడ్ దాకా సరిపోయే బ్యాటరీ

దేవిదాస్ కువైట్‌లో ఒక పెద్ద ఇంటికి డ్రైవర్‌గా చాలా ఏళ్లు పనిచేశాడు. ఏడాది పొడుగునా పిల్లల్ని బడికి, ఆడవాళ్లను బజారుకు తిప్పడమే పని. చలికాలంలో మాత్రం ఆ కుటుంబం ఎడారిలోకి పోయి కొన్నాళ్లు ఉండేది. అప్పుడు ఆయన చేతికి ఒక పొడవాటి బండి ఇచ్చేవారు. అందులో మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్ అన్నీ ఉండేవి. ఆర్మూర్‌లో ఉన్న భార్య భీమవ్వకు వీడియో కాల్‌లో ఆ బండి లోపలంతా చూపించి, తిరిగొచ్చాక మనమూ ఇట్లాంటిది చేయించుకుందాం అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది.

ఆయన పూర్తిగా వచ్చేసేసరికి భీమవ్వకు నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది. పసుపు ఉడకబెట్టే పొగలోనూ కొమ్ములు పాలిష్ పట్టే దుమ్ములోనూ గడిచిన ఒళ్లు. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని నిజామాబాద్ డాక్టర్ చెప్పి, పడుకునేటప్పుడు, ఆయాసం ఎక్కువైనప్పుడు ఆక్సిజన్ మిషన్ పెట్టుకోమన్నాడు. కరెంటు ఉంటేనే ఆ మిషన్ నడుస్తుంది. కాబట్టి ఆమె ఇల్లు కదలడం దాదాపు ఆగిపోయింది.

దేవిదాస్ మాట తప్పలేదు. పెళ్లిళ్లకు జనాన్ని తిప్పి తిప్పి అరిగిన ఒక పాత టెంపో ట్రావెలర్ కొన్నాడు. సీట్లు పీకించి మంచం వేయించాడు, కిటికీలకు పరదాలు కట్టించాడు. ఇక మిగిలింది కరెంటు. హైవే పక్కన ఇన్వర్టర్లు, సోలార్ ప్లేట్లు బిగించే ముఖేష్ దగ్గరికి పోయాడు.

ముఖేష్ ఇంటికొచ్చి మిషన్‌కు మీటర్ పెట్టి చూశాడు. మూడు వందల యాభై వాట్ల దాకా లాగుతోంది. రాత్రంతా నడిస్తే దాదాపు మూడు యూనిట్లు కావాలి. ఇన్వర్టర్‌లో కొంత పోతుంది, బ్యాటరీని అడుగంటా వాడకూడదు, కాబట్టి మూడున్నర యూనిట్లు పట్టేది కావాలన్నాడు. ఇళ్లల్లో పెట్టే మామూలు నీళ్ల బ్యాటరీలైతే సగానికి మించి వాడితే తొందరగా చెడిపోతాయి, అందుకని నాలుగు పెట్టాలి, ముగ్గురు నలుగురు మనుషుల బరువు. లిథియం అయితే మూడు వందల ఆంపియర్ అవర్లది, అంటే దాదాపు నాలుగు యూనిట్లు పట్టేది, ఒక్కటి చాలు, ఒక్క మనిషి ఎత్తి పెట్టొచ్చు. ఎండకు వేడెక్కకుండా మంచం కింద, నేలకు ఆనించి పెడదామన్నాడు.

"ఒక రాత్రికి గిది మంచిగ సరిపోతది కాకా. తెల్లారి బండి నడుస్తుంటే ఇంజన్ నుంచి మళ్ల నిండుతది. ముందుగాల గిది పెట్టుకొని తిరుగుండ్రి. సాలకపోతే అప్పుడు జూద్దాం."

చలికాలం చివర్లో, పసుపు పంట మార్కెట్‌కు రావడం మొదలైన రోజుల్లో ఆ బ్యాటరీ బిగించారు. భీమవ్వ మెల్లగా బండెక్కి మంచం మీద కూర్చుని, మిషన్ పెట్టుకుని చూసింది. ఇంట్లో నడిచినట్టే నడిచింది. ఆమె చాలాసేపు దిగలేదు. పరదా పక్కకు జరిపి వాకిట్లోకి చూస్తూ అడిగింది.

"పోచంపాడ్ దాకా పోయొద్దామా? కట్ట పొంటి బండి ఆపుకొని, గాలికి కూసొని బువ్వ తిని వద్దాం."

గోదావరి మీద కట్టిన పోచంపాడ్ డ్యాం ఆర్మూర్‌కు ఎంతో దూరం లేదు. పొద్దున పోతే సాయంత్రానికి రావచ్చు. కానీ దేవిదాస్ మనసులో ఉన్నది రామేశ్వరం. ఇన్నేళ్లు ఒంటరిగా వదిలేసిన మనిషిని పక్క ఊరి దాకా తీసుకుపోయి సరిపెట్టడం ఆయనకు చిన్నతనంగా అనిపించింది. దానికి తోడు భయం. కువైట్‌లో ఒకసారి ఎడారి మధ్యలో బండి బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. అప్పుడు పాడైంది ఫ్రిజ్‌లోని మాంసమే. ఇప్పుడు ఆగిపోయేది భీమవ్వ ఊపిరి. ఇంకో బ్యాటరీ రానీ, అప్పుడు ఏ ఫికరూ లేకుండా రామేశ్వరమే పోదామన్నాడు.

"రామేశ్వరం నాకెందుకయ్య?" అంది భీమవ్వ. "నేనడిగింది గీ పక్కకే గద."

ఆయన నవ్వాడు. ఆమె మొహమాటపడి తక్కువ అడుగుతోంది అనుకున్నాడు.

రెండో బ్యాటరీ మొదటిదాని లాంటిదే కావాలి, వేరేది జత చేస్తే లోడంతా ఒకదాని మీదే పడుతుందని ముఖేష్ చెప్పాడు. అట్లాంటిది దొరకడానికి ఆలస్యమైంది. తీరా వచ్చింది చూస్తే లోపల ఒక సెల్ బాగాలేదు, వాపసు పంపారు. మంచిది వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఈ ఎండలో ఏసీ లేకుండా ఆమెను ఎట్లా తిప్పడం అనుకుని దేవిదాస్ ఏసీ పెట్టించాలన్నాడు. ఏసీ పెడితే ఈ రెండూ చాలవు. లెక్క మళ్లీ మొదటికొచ్చింది. ముఖేష్ విసుక్కోలేదు గాని, పొద్దుగాల పోయి ఎండ ముదరకముందే రావచ్చు గదా కాకా అని ఒకసారి అన్నాడు. దేవిదాస్ వినిపించుకోలేదు. భీమవ్వ కూడా మళ్లీ అడగలేదు.

వేసవి చివర్లో ఆమెకు జ్వరం వచ్చింది. దవాఖానలో ఉంచుకుని పంపేటప్పుడు, ఇక మిషన్ పొద్దంతా ఉండాల్సిందే, ప్రయాణాలు పెట్టుకోవద్దని డాక్టర్ చెప్పాడు. ఏసీ పని అట్లాగే ఆగిపోయింది. వానలు పడి మక్కజొన్న చేన్లు మోకాలెత్తు పెరిగేనాటికి భీమవ్వ చనిపోయింది.

కర్మలు అయ్యాక ముఖేష్ పలకరించడానికి వచ్చాడు. బండి వాకిట్లోనే ఉంది.

"ఫ్యాన్‌కు, లైటుకు, మిషన్‌కు, అన్నిటికి మీటర్ పెట్టి జూసినం," అన్నాడు దేవిదాస్. "ఆమెకు ఎంత గావాల్నో ఆమె నోటితోనే చెప్పింది. నేనే ఇనలే."

పోచంపాడ్‌కు మొదటి బ్యాటరీయే సరిపోయేదన్న మాట ముఖేష్ నోటిదాకా వచ్చింది. కానీ అది ఇద్దరికీ తెలిసిన మాటే.

దసరా వెళ్లాక మాక్లూర్ నుంచి పోచయ్య అనే రైతు ముఖేష్ చెబితే వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన తల్లి భాగ్యవ్వదీ ఆక్సిజన్ మిషన్ బతుకే. డిచ్‌పల్లి ఖిల్లా రామాలయం ఒక్కసారి చూడాలని అడుగుతోందట. కిరాయి వ్యాన్‌లో ఎంత బ్యాటరీ పెట్టాలో చెప్పమన్నాడు. దేవిదాస్ తన బండిలోంచి ఒక బ్యాటరీ, ఇన్వర్టర్ విప్పించి ఇచ్చాడు. వాడుకుని తెచ్చియ్యమన్నాడు. మక్కలు అమ్మినాక పోతామని పోచయ్య అంటే, దేవిదాస్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"మక్కలకు ఇంకెవరినన్న పెట్టుకో తమ్మీ. రేపే తోల్కపో."

మరునాడు మధ్యాహ్నం డిచ్‌పల్లి నుంచి పోచయ్య ఫోన్ చేశాడు. తల్లి దర్శనం చేసుకుందని, నీడకు బండి ఆపుకుని పులిహోర తింటున్నామని, మిషన్ మంచిగా నడుస్తోందని చెప్పాడు. వెనక ఆ ముసలామె ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు వినిపించింది. దేవిదాస్ అంతా విని, బ్యాటరీ ఎంత దిగిందో చూడమన్నాడు.

"సగం గూడ దిగలేదన్నా," అన్నాడు పోచయ్య.

దేవిదాస్ మంచిదని చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.