జ్ఞానరత్నం గారి కేకు పొట్లాలు

డిసెంబరు మూడో వారం వచ్చిందంటే ద్వారకా నగర్‌లో బేకరీల ముందునుంచి నడవడం నాకు కష్టం. మాడీ మాడని పంచదార, జాజికాయ, ఎండు ద్రాక్ష కలిసిన వాసన రోడ్డు మీదకి వస్తుంది. అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం అరచేతులు చెమటపడతాయి. డాక్టరుకి చెబితే షుగరు పరీక్ష చేయించుకోమన్నాడు. నా జబ్బు షుగరు కాదు, జ్ఞానరత్నం గారు.

ఆయన హార్బరు దగ్గర మా షిప్పింగ్ ఏజెన్సీ ఆఫీసులో హెడ్ క్లర్కు. ఎనభయ్యో సంవత్సరానికి అటూ ఇటూగా నేనక్కడ టైపిస్టుగా చేరాను. సన్నగా, పొడుగ్గా, మడత నలగని తెల్ల చొక్కాలో ఉండేవారు. కోపం వస్తే ఆయన గొంతు తగ్గేది. అంచేత గట్టిగా మాట్లాడుతున్నంతసేపూ మేం క్షేమం. క్రిస్మస్‌కి కంపెనీ పర్మనెంటు వాళ్ళకి బోనసు ఇచ్చేది, టెంపరరీ వాళ్ళకి శుభాకాంక్షలు ఇచ్చేది. అది నచ్చక ఆయన మేనేజరుని ఒప్పించి, అందరికీ తలో కేకు ఇచ్చే ఆనవాయితీ పెట్టారు. పిండి, గుడ్లు, వెన్న ఇంట్లో తనే కలిపి, పెద్ద గిన్నెలతో బేకరీకి మోయించి, వాళ్ళ పొయ్యిలో కాల్పించేవారు. ఒక్కో పొట్లం మీద పేరు టైపు చేసిన చీటీ. ఇరవైనాలుగో తేదీ మధ్యాహ్నం పొట్లాలన్నీ పెద్ద బల్ల మీద ఉండేవి. ఎవరి పేరు వాళ్ళు వెతుక్కుని పట్టుకెళ్ళాలి.

మంచి ఆనవాయితీయే. కానీ ఆఫీసన్నాక మంచిపనికి కూడా ఒక భయం తగిలించకపోతే ఎవరికీ తోచదు. నేను చేరకముందు ఒక ఏడాది ఎవరో టెంపరరీ గుమస్తాకి పొట్లం రాలేదట, జనవరిలో అతని ఉద్యోగమూ లేదట. అంతే, కేకు లేనివాడికి కొత్త సంవత్సరంలో పని లేనట్టే అని శాస్త్రం పుట్టింది. "అతను మానేస్తున్నానని ముందే చెప్పాడయ్యా, అందుకే చెయ్యలేదు" అని జ్ఞానరత్నం గారు చెబితే అందరూ తలలూపారు. ఒక్కరూ నమ్మలేదు. నా మొదటి క్రిస్మస్‌కి నేనూ నమ్మలేదు. చీటీలు టైపు చేసింది నేనే, అందులో నా పేరు కొట్టుకున్నదీ నేనే. అయినా బల్ల మీద పొట్లం కనబడేదాకా అన్నం దిగలేదు.

"ఏమోయ్, లోకమంతటి మీదా జోకులు వేస్తావు, కేకుకి వణుకుతున్నావా?" అన్నారాయన.

"జోకులకి జీతం ఇవ్వరు కదండీ" అన్నాను.

మరుసటి ఏడాదికి నేను పర్మనెంటు అయ్యాను. భయం పోయింది. పోతూపోతూ బుద్ధిని కూడా వెంటబెట్టుకుపోయింది.

అప్పలరాజు టాలీ గుమస్తా, టెంపరరీ. ఓడలోంచి బస్తాలు దిగుతుంటే పక్కన నిలబడి రాసుకోవడం అతని పని. పద్మనాభం అనే పల్లె నుంచి రోజూ మొదటి బస్సులో వచ్చేవాడు. ఆ డిసెంబరులో ప్రతిరోజూ నా టైపు మిషను దగ్గర ఆగేవాడు.

"బావా, సీటీలు కొట్టీసినావేటి?"

"ఇంకా లేదు."

"నా పేరు మర్సిపోకు. ఈయేడు పర్మనెంటు అయిపోతానని మాయమ్మకి సెప్పీసినాను."

"ముందు నీదే కొడతాను, పోవయ్యా."

"కొట్టీసి ఓపాలి సూపించు బావా!"

ఇరవైనాలుగున అతని పొట్లం తీసి నా సొరుగులో దాచాను. ఐదు నిమిషాలు వెతకనిచ్చి, ఆ తర్వాత మేళతాళాలతో బయటికి తీద్దామని పథకం. జ్ఞానరత్నం గారు చర్చి పనులున్నాయని అప్పటికే వెళ్ళిపోయారు. అప్పలరాజు ఒళ్ళంతా ఎరువుల దుమ్ముతో జెట్టీ నుంచి వచ్చి, బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. రెండోసారి ఒక్కో చీటీ మీద వేలు పెట్టి చదివాడు.

"బావా, నాది అగుపడ్నేదు."

"జాబితాలో ఉన్నవాళ్ళవే వచ్చాయి మరి" అన్నాను మొహం బిగించి.

నవ్వాపుకోవడం ఒక్కటే ఆ నిమిషాన నాకున్న కష్టం. అంతలో మేనేజరు పిలిచి, రేపు సెలవు గనక ఓడ కాగితాలు వెంటనే కస్టమ్స్ ఆఫీసులో ఇచ్చి రమ్మన్నారు. వచ్చాక చెబుదాంలే అనుకున్నాను. వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. నా టైపు మిషను మీద అప్పలరాజు హార్బరు గేటు పాసు ఉంది. పాసు వెనక్కిచ్చాడంటే పని మానేసినట్టు. ఇరవయ్యారు పొద్దున్న ఆరింటికి ఇంకో ఓడ వస్తుంది. అప్పటికి అతను గేటు దగ్గర లేకపోతే ఆ చోటుకి మేనేజరు తాలూకు కుర్రాడొకడు సిద్ధంగా ఉన్నాడు.

క్రిస్మస్ పొద్దున్న చర్చి బయట నిలబడ్డాను. జ్ఞానరత్నం గారు కొత్త చొక్కాలో, భార్యతో బయటికి వచ్చారు. పండగ శుభాకాంక్షలు చెప్పాల్సింది పోయి, "సార్, అప్పలరాజు వెళ్ళిపోయాడు" అన్నాను. అంతా విన్నారు. గొంతు బాగా తగ్గింది.

"పొట్లం ఏదీ?"

"సంచిలో ఉందండీ."

"పద, బస్సెక్కుదాం."

"ఇంట్లో మీ భోజనాలు..."

"ఇంట్లో కోడి ఇంక ఎక్కడికీ పోదు. అప్పలరాజు పోతాడు."

బస్సులో నా టిక్కెట్టు కూడా ఆయనే తీశారు. అది భరించలేక తిట్టమని నేనే అడిగాను. "సగం తప్పు నాది. ఇన్నేళ్ళుగా ఆ పుకారు వింటూ నవ్వి ఊరుకున్నాను" అన్నారు. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

అప్పలరాజు కళ్ళంలో ఉన్నాడు, వరి నూరుస్తున్న ఎడ్ల వెనక. తల్లి చేటతో ధాన్యం తూర్పారబడుతోంది. జ్ఞానరత్నం గారిని చూసి అతను తలగుడ్డ విప్పేశాడు.

"అయ్యగోరూ, పండగపూట ఇలాగొచ్చినారేటి?"

ఆయన నావైపు తిరిగారు. "చెప్పు. నేను చెప్పను."

దారిలో మూడు చమత్కారాలు తయారుచేసుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. "పొట్లం నేనే దాచాను. సరదాకి" అన్నాను.

తల్లి చేట దించింది. "సరదాకా బాబూ? నిన్న సందేల కాణ్ణించీ ఈడు మెతుకు ముట్టనేదు. ఎద్దు కాలు తొక్కీసినా కుయ్యిమననేదు."

అప్పలరాజు నన్ను చూడలేదు, పొట్లాన్నీ చూడలేదు. "మా సిన్నాన్నకి పొద్దున్నే మాటిచ్చీసినాను, ఆయన పొలం పాలుకి సేత్తానని. ఇప్పుడాయనకి ఏటి సెప్పమంతారు?"

"ఆయనకీ ఇతనే చెబుతాడు" అన్నారు జ్ఞానరత్నం గారు.

రెండోసారి కూడా చెప్పాను. ఆ చిన్నాన్న మాత్రం పొట్ట పట్టుకు నవ్వి, "నా పొలం ఎక్కడికి పోద్ది, ఆడిష్టం" అన్నాడు. నా జోకుకి నవ్విన మనిషి ఆయనొక్కడే. ఆ నవ్వు నాకు అక్కర్లేకపోయింది. నేను సంచిలోంచి తీసిచ్చిన గేటు పాసు అప్పలరాజు తీసుకున్నాడు. వస్తానని అనలేదు.

తిరుగు బస్సులో జ్ఞానరత్నం గారు అన్నారు: "జోకులు మానక్కర్లేదు నాయనా. భయపడుతున్నవాడి మీద వెయ్యకు. వాడికి లోపల నవ్వడానికి చోటుండదు."

ఇరవయ్యారున ఐదున్నరకే గేటు దగ్గర ఉన్నాను. మేనేజరు తాలూకు కుర్రాడు నాకంటే ముందే వచ్చి, కొత్త పెన్సిలు చెక్కుకుంటున్నాడు. ఆరుకి పది నిమిషాలు. ఐదు. ఆ ఐదు నిమిషాల్లో నేను దణ్ణం పెట్టని దేవుడు లేడు, కొంతమంది మా మతం వాళ్ళు కూడా కాదు. అప్పుడు అప్పలరాజు రోడ్డు దాటి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"వచ్చావా!" అన్నాను.

"వచ్చినాను సార్" అని, పాసు చూపించి లోపలికి వెళ్ళాడు.

మరుసటి క్రిస్మస్‌కి చీటీలు లేవు. జ్ఞానరత్నం గారు గుమ్మంలో నిలబడి ప్రతివాడి చేతిలోనూ తనే పొట్లం పెట్టారు. ఆ ఏడే అప్పలరాజు పర్మనెంటు అయ్యాడు.

నేను జోకులు మానలేదు. నోరు తెరిచేముందు ఎదుటివాడి కళ్ళలోకి ఒకసారి చూస్తాను. అక్కడ బెదురు కనిపిస్తే మాట మింగేస్తాను. అలా మింగినవాటిలో చాలా మంచివి కూడా ఉన్నాయి, చెప్పుకోవడానికి సిగ్గెందుకు. అప్పలరాజు, నేను ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు ఒకే ఆఫీసులో పనిచేశాం. ఇంటికి పిలిస్తే వచ్చాడు, మా పిల్లల పెళ్ళిళ్ళలో వడ్డించాడు. చివరిదాకా నన్ను బావా అనలేదు, సార్ అనే పిలిచాడు. మర్యాదలో ఒక్కనాడూ లోటు చెయ్యలేదు.